హాట్‌స్పాట్ రోజంతా ఆన్‌లో ఉంచితే చట్టం ఏమంటుంది? డయల్-అప్ కాలం నుంచి ఉన్న ప్రశ్న

4జీ, 5జీ సిమ్ రౌటర్ల గురించి ఎవరితో మాట్లాడినా మొదటి ప్రశ్న స్పీడ్ ఎంత వస్తుంది అని. రెండో ప్రశ్న మాత్రం కాస్త గొంతు తగ్గించి అడుగుతారు: దీన్ని రాత్రింబవళ్లు ఆన్‌లో ఉంచొచ్చా, కంపెనీవాళ్లు కేసు పెట్టరు కదా? పాత ఫోన్‌లో ఒక సిమ్ వేసి, ఇంట్లో ఓ మూల ఛార్జింగ్‌లో వదిలేసి, దాని హాట్‌స్పాట్‌నే ఇంటి వైఫైగా వాడుకునేవాళ్లకీ ఇదే అనుమానం.

సమాధానం ముందే చెప్పేస్తా. మీ కనెక్షన్‌ని మీరు 24 గంటలూ ఆన్‌లో ఉంచుకోవడం మన దేశంలో నేరం కాదు. డయల్-అప్ రోజుల్లో కూడా కాదు. కంపెనీ షరతులకు అడ్డం పడొచ్చు, అది వేరే సంగతి. కానీ అదే కనెక్షన్‌ని పక్క షాపుకో, పై పోర్షన్ వాళ్లకో నెలకు ఇంత అని తీసుకుని ఇస్తే మాత్రం జైలు దాకా పోయే సెక్షన్ ఒకటుంది. చిత్రం ఏంటంటే, జనం భయపడేది మొదటిదానికి, ధైర్యంగా చేసేది రెండోది. ఈ తిరకాసు ఎక్కడ మొదలైందో తెలియాలంటే ల్యాండ్‌లైన్ దగ్గరికి పోవాలి.

డయల్-అప్ అంటే ఒక ఫోన్ కాల్, అంతే

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. 1998 నవంబర్‌లో ప్రైవేట్ కంపెనీలకూ తలుపు తీశారు. ఆ తర్వాత 172తో మొదలయ్యే నంబర్లు వచ్చాయి. వాటికి డయల్ చేస్తే, ఇంటర్నెట్ సర్వర్ వేరే ఊళ్లో ఉన్నా లోకల్ కాల్ రేటే పడేది. వనపర్తి, గద్వాల లాంటి ఊళ్లకు నెట్ అందిన దారి అదే.

ఇప్పుడు ఇరవైల్లో ఉన్న నాలాంటివాళ్లకు ఆ మోడెమ్ కీచుమనే శబ్దం యూట్యూబ్‌లో విన్న జ్ఞాపకమే. కానీ దాని పనితీరు తెలుసుకోవడం ఇప్పటికీ పనికొస్తుంది. మోడెమ్ చేసేది ఏంటంటే, కంప్యూటర్ డేటాని శబ్దంగా మార్చి ఫోన్ లైన్లో పంపడం. ఎక్స్ఛేంజీ దృష్టిలో అది మీరు అత్తమ్మతో మాట్లాడే కాల్ లాంటిదే. మీరు మాట్లాడుతున్నారా, 56 కేబీపీఎస్ మోడెమ్ మాట్లాడుతోందా అన్నది దానికి అనవసరం. కాల్ మొదలైనప్పటి నుంచి కట్ అయ్యే దాకా ఒక దారి మీకోసం కేటాయించేస్తుంది. మీరు పేజీ తెరిచి చదువుకుంటూ కూర్చున్నా, ఒక్క బైటు కూడా కదలకపోయినా, ఆ దారి ఇంకొకరికి దక్కదు.

ఇబ్బంది ఇక్కడే. ఎక్స్ఛేంజీలు అందరూ ఒకేసారి మాట్లాడతారని లెక్కేసి కట్టరు. టెలిఫోన్ ఇంజినీర్లు ట్రాఫిక్‌ని ఎర్లాంగ్ అనే కొలతలో కొలుస్తారు. ఒక లైన్ గంట పొడుగునా బిజీగా ఉంటే అది 1 ఎర్లాంగ్. మామూలు ఇంటి ఫోన్‌కి 0.1 అని లెక్క వేసుకునేవాళ్లు, అంటే రద్దీ గంటలో సుమారు 6 నిమిషాల మాట. 1984లో పెట్టిన సీ-డాట్ సంస్థ పల్లెల కోసమే చిన్న ఎక్స్ఛేంజీని తయారుచేసింది. మొదటిది 1986లో కర్ణాటకలోని కిట్టూరులో పెట్టారు, మొత్తం 128 పోర్టులు. తర్వాత దేశమంతటా పల్లెల్లో ఇవే వెలిశాయి. అలాంటి ఎక్స్ఛేంజీ నుంచి బయటి ఊరికి 10 దారులు ఉన్నాయనుకోండి. ఊళ్లో ఐదుగురు నెట్ కనెక్ట్ చేసి పడుకుంటే సగం దారులు పోయినట్టే. మిగతా ఊరంతా ఐదు దారులతో సర్దుకోవాలి. రాత్రి ఎవరికైనా ఒంట్లో బాగాలేక హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే లైను దొరక్కపోవచ్చు.

మరి అప్పుడు చట్టం ఏమంది? ఫోన్ విషయంలో అప్పటి మూల చట్టం 1885 నాటి ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం. అందులో 4వ సెక్షన్ ప్రకారం టెలిగ్రాఫ్ పెట్టే, నడిపే హక్కు కేంద్ర ప్రభుత్వానిది. వేరేవాళ్లు చేయాలంటే లైసెన్స్ కావాలి. ఒక కాల్ ఎంతసేపు సాగొచ్చు అన్నది ఆ సెక్షన్ పట్టించుకునే విషయమే కాదు. అది చూసేది సర్వీస్ ఎవరు నడుపుతున్నారు అనే.

గడియారం ఉన్నది మీటర్లో. లోకల్ కాల్‌కి 3 నిమిషాలకు ఒక పల్స్, పల్స్‌కి 1 రూపాయి 20 పైసలు అనుకుంటే గంటకు 24 రూపాయలు. రోజంతా ఉంచితే 576. నెలకు 17,280 రూపాయలు, అదీ ఒక్క ఫోన్ బిల్లే. ఇంటర్నెట్ ప్యాక్ గంటలు దీనికి అదనం. నెట్ కాల్స్‌కి తర్వాత రాయితీలు ఇచ్చారు కానీ, 24 గంటలు వదిలేసేంత చౌక ఎప్పుడూ కాలేదు. పోలీసుల కంటే ముందే బిల్లు వచ్చి ఆపేది. "ఫోన్లో నెట్ ఎక్కువసేపు పెట్టొద్దు" అని పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారంటే దాని వెనక ఉన్నది ఈ బిల్లు భయమే. కాలక్రమంలో అది చట్టం భయంగా మారింది.

మీటరు లేనిచోట ఏమైంది

అమెరికాలో చాలాచోట్ల లోకల్ కాల్స్‌కి మీటరు ఉండేది కాదు, నెలకు ఒకటే అద్దె. అక్కడ డయల్-అప్‌ని కట్ చేయకుండా వదిలేయడం నిజంగానే గొడవైంది. అమెరికా ఆన్‌లైన్ అనే కంపెనీ 1996 డిసెంబర్‌లో గంటల లెక్క తీసేసి నెలకు 19.95 డాలర్లకు అన్‌లిమిటెడ్ అంది. జనం కనెక్ట్ అయ్యారు, ఇక దిగలేదు. దిగితే మళ్లీ లైన్ దొరకదని భయం. కొత్తగా డయల్ చేసేవాళ్లకు ఎప్పుడు చూసినా ఎంగేజ్ టోనే. చివరికి చిక్కుల్లో పడింది ఎవరనుకున్నారు? లైన్ వదలని కస్టమర్లు కాదు. అమ్మిన సర్వీస్ అందించలేకపోయారని పలు రాష్ట్రాల అటార్నీ జనరల్స్ కంపెనీనే పట్టుకున్నారు. 1997 జనవరిలో డబ్బు తిరిగి ఇస్తామని కంపెనీ ఒప్పుకుంది.

ఆ దెబ్బతో సర్వీస్ కంపెనీలు తమ షరతుల్లో ఒక తేడా రాసుకోవడం మొదలుపెట్టాయి. అన్‌లిమిటెడ్ అంటే గంటల లెక్క చూడం అని, అంతే తప్ప మీకోసం ఒక లైన్ రాసిచ్చామని కాదు. కొంతసేపు డేటా కదలకపోతే కట్ చేస్తాం అన్నారు. కట్ కాకుండా ప్రతి నిమిషానికీ ఒక పింగ్ పంపే సాఫ్ట్‌వేర్లు జనం వేసుకున్నారు. ఇప్పటి ఫోన్లలో హాట్‌స్పాట్ ఆఫ్ కాకుండా చూసే యాప్‌లు ఉన్నాయి కదా, వాటికి తాతలు అవి.

అసలు పర్మనెంట్‌గా కనెక్షన్ కావాలనుకునే ఆఫీసులకు లీజ్డ్ లైన్ ఉండేది. అది కాల్ కాదు, దూరాన్నీ స్పీడునూ బట్టి అద్దె కట్టే సొంత దారి. అది తెగినప్పుడు మాత్రం ఐఎస్‌డీఎన్ లైన్ మీద రౌటరే డయల్ చేసేది. సిస్కో రౌటర్లలో పని లేని కాల్‌ని 120 సెకన్లకు కట్ చేయాలన్నది ముందే ఉండే సెట్టింగ్. కానీ ఓఎస్‌పీఎఫ్ లాంటి ప్రోటోకాల్స్ కొన్ని సెకన్లకోసారి పక్క రౌటర్‌కి "ఉన్నావా" అని పలకరింపు పంపుతుంటాయి. ఆ పలకరింపుల వల్ల కాల్ ఎప్పటికీ కట్ అయ్యేది కాదు, నెలాఖరుకు బిల్లు చూసి ఆఫీసు ఘొల్లుమనేది. ఈ ఒక్క సమస్య కోసం 1995లో ప్రత్యేకంగా ఒక ప్రమాణం రాశారు. నెట్‌వర్కింగ్ పాఠాల్లో నాకు బాగా నచ్చిన కథ ఇది.

2004లో "ఎప్పుడూ ఆన్" అనే మాట

మన దగ్గర మలుపు 2004 అక్టోబర్. కేంద్రం తెచ్చిన బ్రాడ్‌బ్యాండ్ విధానంలో బ్రాడ్‌బ్యాండ్ అంటే ఏంటో నిర్వచనం రాశారు: ఎప్పుడూ ఆన్‌లో ఉండే డేటా కనెక్షన్, కనీస డౌన్‌లోడ్ స్పీడు 256 కేబీపీఎస్. ఆ కనీస స్పీడు 2013లో 512 కేబీపీఎస్ అయింది, 2023లో 2 ఎంబీపీఎస్ అయింది. ఈ మూడు నంబర్ల గురించే వార్తలు వచ్చాయి. నాకు మాత్రం ఆ మొదటి మాటే ముఖ్యం అనిపిస్తుంది. నిరంతరం ఆన్‌లో ఉండటం అప్పటి నుంచి సర్కారు రాసుకున్న అర్థంలోనే భాగం. దాన్ని తప్పు అనే వీలే లేదు.

2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ మొదలైంది. తీగ అదే రాగి తీగ, కానీ పద్ధతి వేరు. మాట 4 కిలోహెర్ట్జ్ లోపల నడుస్తుంది, డేటా అంతకంటే చాలా పైన ఉండే ఫ్రీక్వెన్సీల్లో నడుస్తుంది. ఎక్స్ఛేంజీకి చేరగానే డేటాని పక్కకు తప్పించి వేరే పెట్టెలోకి పంపేస్తారు, ఫోన్ స్విచ్ దాకా అది పోనే పోదు. అందుకే మోడెమ్ రోజంతా వెలుగుతున్నా పక్కింటి ఫోన్‌కి నష్టం లేదు. మీటరు కూడా నిమిషాల నుంచి జీబీలకు మారింది. అప్పటి 500 రూపాయల ప్లాన్‌లో రాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా డౌన్‌లోడ్ ఫ్రీ. రెండింటికి అలారం పెట్టుకుని లేచిన అన్నలు ప్రతి ఊళ్లో ఉన్నారు.

ఇక సిమ్ సంగతి

సిమ్ రౌటర్‌లో డయల్-అప్ లక్షణం కొంచెం ఉంది, బ్రాడ్‌బ్యాండ్ లక్షణం ఎక్కువ ఉంది. టవర్‌లోని గాలి తరంగాలు ఊరందరికీ ఉమ్మడి ఆస్తి. అయితే డయల్-అప్‌లా దారి ఆపుకుని కూర్చోవడం ఉండదు. డేటా కదలనప్పుడు మీ రౌటర్ ఆన్‌లో ఉన్నా టవర్ మీద భారం దాదాపు లేనట్టే. పొలాల్లో బోరు మోటారుకి పెట్టే మొబైల్ స్టార్టర్‌లో సిమ్ ఏడాదంతా ఆన్‌లోనే ఉంటుంది, దాన్ని ఎవరూ ప్రశ్నించరు. భారం పడేది మీరు ఎంత డేటా లాగుతున్నారు అన్నదాని వల్ల. అందుకే కంపెనీల షరతుల్లో గంటల మాట ఉండదు, రెండు మాటలు ఉంటాయి: ఇన్ని జీబీల వరకు, వ్యక్తిగత వాడకానికి మాత్రమే.

కొత్తకోటలో మా చిన్నాయనకు ఎరువుల షాపు ఉంది. నాలుగు కెమెరాలు, ఒక బిల్లింగ్ కంప్యూటర్. ఆ వరుసకు ఫైబర్ రాలేదు, సిమ్ రౌటర్ పెట్టమన్నాడు. పెట్టాక ఆయన అడిగింది ఇదే: "అరే, ఇది రాత్రంతా ఆన్‌ల పెడ్తె కేసు గీసు అయితదా?" కాదు చిన్నాయనా, కానీ లెక్క చూడాలి అన్నా. ఒక్కో కెమెరా 1 ఎంబీపీఎస్ చొప్పున ఆగకుండా క్లౌడ్‌కి పంపితే రోజుకు 10.8 జీబీ. నాలుగింటికి 43.2 జీబీ, నెలకు దాదాపు 1,300 జీబీ. రోజుకు 2 జీబీ ప్లాన్ గంట కంటే కాస్త ఎక్కువసేపు మాత్రమే నిలుస్తుంది కదా. అన్‌లిమిటెడ్ 5జీ అన్నా వ్యక్తిగత వాడకం పరిమితి దగ్గర దొరికిపోతారు. ఎయిర్‌ఫైబర్‌లో నెలకు 1,000 జీబీ దాటితే స్పీడు తగ్గుతుంది. ఫైబర్ ప్లాన్లలో ఆ హద్దు 3,300 జీబీ, అక్కడైతే సరిపోతుంది. అందుకని రికార్డింగ్ అంతా షాపులోని డీవీఆర్ హార్డ్ డిస్క్‌లోనే పెట్టి, ఆయన ఫోన్లో యాప్ తెరిచినప్పుడు మాత్రమే వీడియో బయటికి పోయేలా చేశా, అదీ తక్కువ క్వాలిటీ స్ట్రీమ్. ఇప్పుడు రౌటర్ రోజంతా ఆన్, డేటా మాత్రం ప్లాన్ దాటదు.

ఒకవేళ పరిమితి దాటితే? స్పీడు తగ్గిస్తారు. వ్యాపారానికి వాడుతున్నారని తేలితే ప్లాన్ మార్చుకోమంటారు, లేదా కనెక్షన్ ఆపేస్తారు. ఇది మీకూ కంపెనీకీ మధ్య ఒప్పందం గొడవ. ఇందులో క్రిమినల్ కేసు లేదు. షాపు వాడకమైతే మొదటే బిజినెస్ ప్లాన్ తీసుకోవడం నయం.

కేసు అయ్యేది ఎక్కడ

రౌటర్ పెట్టిన వారానికే పక్కన మొబైల్ రిపేర్ షాపాయన, ఆ పక్కన టైలర్, ఇంకొకాయన వచ్చి, పాస్‌వర్డ్ చెప్తే నెలకు తలా వంద ఇస్తామన్నారట. చిన్నాయనకు ఇందులో తప్పేం కనపడలేదు. నీళ్ల ట్యాంకర్ పంచుకున్నట్టే కదా అన్నాడు. చట్టం అలా చూడదు. డబ్బు తీసుకుని బయటివాళ్లకు ఇంటర్నెట్ ఇవ్వడం అంటే టెలికాం సర్వీస్ నడపడం. దానికి అనుమతి కావాలి. 1885 చట్టంలో ఉన్న ఆ సూత్రాన్నే 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కొనసాగించింది. దాని సెక్షన్ 42 ప్రకారం అనుమతి లేకుండా సర్వీస్ నడిపితే 3 ఏళ్ల వరకు జైలు, లేదా 2 కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మూడు వందల కోసం కొత్తకోటలో ఎవరినీ ఇంత దూరం లాగకపోవచ్చు. నలభై ఇళ్లకు వైర్లు లాగి నెలనెలా వసూలు చేసేవాళ్ల సంగతి వేరు. ఒకే రూమ్‌లో ఉండే నలుగురు బ్యాచిలర్స్ బిల్లు పంచుకోవడాన్ని, నా ఉద్దేశంలో, సర్వీస్ అనలేం.

డబ్బు తీసుకోకపోయినా ఇంకో చిక్కు ఉంది. 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు బెదిరింపు ఈమెయిల్ వచ్చింది. దాన్ని వెతుక్కుంటూ పోలీసులు నవీ ముంబైలో ఒక అమెరికన్ ఇంటికి చేరారు. పాస్‌వర్డ్ లేని అతని వైఫైని ఎవరో వాడుకున్నారు. మరుసటి ఏడాదే టెలికాం శాఖ వైఫైలకు పాస్‌వర్డ్ భద్రత ఉండాలని ఆదేశాలిచ్చింది. ఇంటర్నెట్‌లో ఏం జరిగినా ముందు వచ్చేది కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్ల దగ్గరికే. నెట్ సెంటర్లకు 2011 సైబర్ కేఫ్ నియమాలు ఉన్నాయి: వచ్చినవాళ్ల గుర్తింపు చూడాలి, రిజిస్టర్ ఏడాది పాటు దాచాలి. ఆ రిజిస్టరే వాళ్లకు రక్ష. వంద రూపాయలకు పాస్‌వర్డ్ ఇచ్చిన మీ దగ్గర ఏ రిజిస్టరూ ఉండదు.

పంచుకుని డబ్బు తీసుకోవడానికి చట్టబద్ధమైన దారి లేకపోలేదు. 2020 డిసెంబర్‌లో కేంద్రం ఆమోదించిన పీఎం-వాణి పథకంలో కిరాణా కొట్టు, టీ కొట్టు కూడా పబ్లిక్ డేటా ఆఫీస్ కావచ్చు. షాపు యజమానికి లైసెన్స్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఫీజు లేదు. పథకంలో నమోదైన అగ్రిగేటర్ కంపెనీతో కలవాలి, లాగిన్, లెక్కలు వాళ్లు చూసుకుంటారు. మొన్నటిదాకా కంపెనీలు ఇలాంటి షాపులకు ఖరీదైన లీజ్డ్ లైనే తీసుకోమనేవి. 2025 జూన్‌లో ట్రాయ్ దానికి అడ్డుకట్ట వేసింది: 200 ఎంబీపీఎస్ లోపు ప్లాన్లకు ఇంటి ఫైబర్ ధర కంటే రెండింతలకు మించి వసూలు చేయకూడదు. కొత్తకోట లాంటి చోట, అదీ ఫైబర్ వచ్చిన వీధిలో, ఇది గిట్టుబాటు అయ్యే లెక్కే.

పెట్టె అద్దెకు అడిగితే

ఆన్‌లో వదిలేస్తే నిజంగానే నేరమయ్యే పరికరం ఒకటుంది, సిమ్ బాక్స్. పదుల సిమ్‌లు పట్టే పెట్టె. విదేశాల నుంచి ఇంటర్నెట్ ద్వారా వచ్చే కాల్‌ని లోకల్ కాల్‌గా మార్చి మన నెట్‌వర్క్‌లోకి దించుతుంది. అందుకే విదేశం నుంచి వచ్చిన కాల్‌కి కూడా +91 నంబరే కనపడుతుంది. కాల్ ఎక్కడి నుంచి వచ్చిందో జాడ తెలియదు, సైబర్ మోసగాళ్లకు కావాల్సింది అదే. ప్రైవేట్ డేటా నెట్‌వర్క్‌ని పబ్లిక్ ఫోన్ నెట్‌వర్క్‌తో ఇష్టమొచ్చినట్టు కలపడం డయల్-అప్ రోజుల నుంచీ నిషేధమే. 2002 ఏప్రిల్ 1 దాకా కంప్యూటర్ నుంచి విదేశీ ఫోన్‌కి మాట్లాడటం కూడా మన దగ్గర అక్రమం.

"మీ రూమ్‌లో ఒక చిన్న మెషిన్ పెడతాం, కరెంటు, వైఫై ఇస్తే చాలు, నెలకు ఇంత ఇస్తాం" అని ఎవరైనా వస్తే ఒప్పుకోకండి. మెషిన్ ఎవరిదైనా, వైఫై మీ పేరున ఉంటుంది. మీ పేరున ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఒక మనిషికి గరిష్ఠంగా 9, మీవి కానివి కనపడితే అక్కడే రిపోర్ట్ కొట్టొచ్చు.

ఇంటి నెట్‌ని ఊరి బయట వేరుశనగ చేను దగ్గరి షెడ్‌కి తీసుకుపోవడం గురించి కూడా అడుగుతుంటారు. అక్కడా మీ కెమెరా, మీ మోటారే కాబట్టి అది సొంత వాడకం. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో చాలా భాగాన్ని 2018 అక్టోబర్‌లో ఆరుబయట కూడా లైసెన్స్ లేకుండా వాడుకోనిచ్చారు. కాబట్టి మిద్దె మీద ఒక రేడియో, షెడ్ మీద ఇంకోటి పెట్టి ఒకదానికొకటి ఎదురుగా తిప్పితే సరిపోతుంది. మధ్యలో చెట్లు, గుట్టలు అడ్డం రాకూడదు. పెట్టె మీద ఈటీఏ ఆమోదం ఉందో లేదో చూసి కొనండి, పవర్ సెట్టింగ్‌లో దేశం ఇండియా అనే పెట్టండి.